లివర్‌పూల్ గాయకులు

పొలమున పండిన పంటను చూచి సంతసించువారు పలువురు. దాని వెనుకనున్న దుక్కిని, విత్తును, కావలిని తలచువారు కొందరే. కళాకారుల కీర్తి విషయమునను ఇట్లే జరుగుచుండును. 1964వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి అమెరికా దేశమున సుమారు 7 కోట్ల 30 లక్షల మంది తమ తమ యిండ్లలో టెలివిజను ముందు కూర్చుండి నలుగురు ఇంగ్లీషు యువకుల పాటలు వినిరి. అంతకు మూడు నాలుగు నెలల ముందు ఆ దేశమున వారి పేరెరిగినవారు బహు కొద్దిమంది. అందుచేత ఒక్క రాత్రిలో వారిని అదృష్టము వరించినదని పలువురు తలపోసిరి. ఆ నలుగురి బృందమునకు 'బీటిల్స్' అని పేరు. నిజముగా ఆ కీర్తి ఒక్క రాత్రిలో వచ్చినదా? వచ్చిన కీర్తి వారికేమి యిచ్చినది? వారినుండి ఏమి తీసికొన్నది? ఈ పాఠమున ఆ సంగతిని విచారింతము.

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున, మెర్సీ నది సముద్రమున కలియుచోట, లివర్‌పూల్ అను రేవు పట్టణము కలదు. పూర్వము పత్తి వర్తకమునకు అది ప్రసిద్ధి కెక్కినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీ విమానములు ఈ పట్టణముపై బాంబులు కురిపించి వేలకొలది యిండ్లను నేలమట్టము గావించెను. ఆ యుద్ధదినములలోనే, 1940 మొదలు 1943 వరకు గల కాలమున, ఈ నలుగురును ఇచ్చట జన్మించిరి. శిథిలమైన గోడల నడుమ ఆడుకొనుచు, ఆహారపదార్థములను రేషను చీటీలపై తెచ్చుకొనుచు వారు పెరిగిరి.

వీరిలో ఎవరును ధనవంతుల బిడ్డలు కారు. జార్జి హారిసన్ తండ్రి బస్సు నడుపువాడు. పాల్ మెకార్ట్నీ తండ్రి పత్తి వర్తకసంస్థలో అమ్మకపు ఉద్యోగి, తల్లి దాది. జాన్ లెనన్ తల్లిదండ్రులు విడిపోగా అతడు పెద్దతల్లి యింట పెరిగెను. పదునాలుగేండ్ల ప్రాయమున పాల్ తల్లిని గోల్పోయెను. జాన్‌కు పదునేడేండ్ల వయసున అతని తల్లి మోటారు ప్రమాదమున మరణించెను. జాన్ చేతివ్రేళ్లకు తొలిసారి తంతివాద్యము నేర్పినది ఆ తల్లియే. మాతృవియోగ దుఃఖము ఇద్దరికిని సమానమగుటచే వారి చెలిమి మరింత గట్టిపడెను. నాలుగవవాడైన రింగో స్టార్ అసలు పేరు రిచర్డ్ స్టార్కీ. ఇతడు ఆరేండ్లప్పుడు కడుపులోని వ్యాధిచే ఏడాదిపాటు ఆసుపత్రిలో నుండెను. పదుమూడేండ్లప్పుడు ఊపిరితిత్తుల వ్యాధి సోకగా మరల చిరకాలము ఆరోగ్యశాలలో గడపవలసివచ్చెను. పిల్లలకు పొద్దు పుచ్చుటకై అచ్చటివారు చిన్నచిన్న వాద్యములు చేతికిచ్చెడివారు. పాఠశాల చదువునకు దూరమైన ఆ రోగి బాలునకు లయజ్ఞానము ఆ పడకమీదనే అబ్బినది.

1956 ప్రాంతమున ఇంగ్లండులో 'స్కిఫిల్' అను ఒకవిధమైన పాట వ్యాపించెను. లోనీ డొనెగన్ అను గాయకుడు దానికి ప్రచారము తెచ్చెను. ఈ పాటకు ఖరీదైన వాద్యము లక్కరలేదు. తేయాకు వచ్చెడి కొయ్యపెట్టెకు ఒక కఱ్ఱను నిలిపి త్రాడు బిగించినచో అది మంద్రనాదమునిచ్చు వాద్యమగును. బట్టలుతుకు గరుకు రేకును అంగుస్తాను తొడిగిన వ్రేళ్లతో గీచినచో అది తాళమగును. వీనికి తోడుగా చవుకరకపు గిటారు ఒక్కటి యున్న చాలును. సంగీతము ధనికుల సొత్తు కాదని ఈ పాట బీదపిల్లలకు ధైర్యము చెప్పినది. ఇంగ్లండు దేశమంతట బాలురు వేలకొలదిగా మేళములు కట్టిరి. వానిలో జాన్ తన పాఠశాల పేరుమీదుగా కట్టిన 'క్వారీమెన్' అను మేళమొకటి.

1957 జూలై 6వ తేదీన వూల్టన్ అను పేటలోని చర్చి ఉత్సవమున ఈ మేళము పాడెను. అచ్చట నొక స్నేహితుడు పాల్‌ను జాన్‌కు పరిచయము చేసెను. పాల్ గిటారు నందుకొని ఒక పాటను అక్షరము తప్పకుండ పాడి వినిపించెను. గిటారును సరిగా శ్రుతి చేయుటయు అతనికి తెలియును. అంతవరకు జాన్ తన గిటారును తల్లి నేర్పిన బాంజో పద్ధతిని మాత్రమే శ్రుతి చేసికొనుచుండెను. అప్పుడు జాన్ మనసున నొక సందేహము పొడమినది. తనకంటె ఎక్కువ తెలిసినవానిని చేర్చుకొన్నచో మేళము బలపడును. కాని తన పెద్దరికము తగ్గును. చేర్చుకొననిచో పెద్దరికము నిలుచును. మేళము బలహీనముగనే యుండును. పదునారేండ్ల ఆ బాలుడు తన పెద్దరికముకంటె మేళము మేలే మిన్నయని నిశ్చయించుకొని పాల్‌ను చేర్చుకొనెను. బీటిల్స్ కీర్తికి మొదటి పునాదిరాయి ఇదియే. మరుసటి సంవత్సరము పాల్ తన పాఠశాల మిత్రుడైన జార్జి హారిసన్‌ను తెచ్చెను. 'వీడు మరీ చిన్నవాడు' అని జాన్ మొదట సంశయించినను, రెండంతస్తుల బస్సులో పైయంతస్తున కూర్చుండి అతడు వాయించిన తీరు విని సమ్మతించెను.

వీరికి సంగీతపు వ్రాతలిపి చదువుట రాదు. నేర్పు గురువును లేడు. గ్రామఫోను రికార్డును పదేపదే వినుటయే వీరి పాఠము. గిటారు వాయించువాడు ఎడమచేతి వ్రేళ్లతో కొన్ని తంతులను ఒక్కమారుగా నొక్కి, కుడిచేతితో మీటినప్పుడు కొన్ని స్వరములు కలిసి పలుకును. అట్టి ఒక్కొక్క కూర్పును 'కార్డు' అందురు. తమకు తెలియని కార్డు నొకదానిని ఎరిగినవాడు పట్టణపు ఆవలి కొసన నున్నాడని విని, బస్సెక్కి పోయి దానిని నేర్చుకొని వచ్చితిమని పాల్ తరువాతి కాలమున పలుమార్లు చెప్పియున్నాడు. పాల్ ఎడమచేతివాటము గలవాడు. అతడు గిటారును త్రిప్పి పట్టుకొని, తంతులను తారుమారుగా బిగించుకొని సాధన చేసెను. జాన్, పాల్ ఇరువురును ఎదురెదురుగా కూర్చుండి సొంతపాటలు కట్టుటయు ఈ రోజులలోనే ఆరంభమైనది. ఇందుకై వారు అప్పుడప్పుడు పాఠశాల మానివేసెడివారు. ఇది అనుకరింపదగిన గుణము కాదు. కాని పాఠశాల యెగవేసిన ఆ మధ్యాహ్నములు వారు నిద్రలో గడపలేదన్న మాటయు నిజమే.

1960వ సంవత్సరమున బృందమునకు 'బీటిల్స్' అను పేరు స్థిరపడెను. అప్పటికి జాన్, పాల్, హారిసన్‌లతో స్టువర్ట్ సట్‌క్లిఫ్ అను చిత్రకళా విద్యార్థియు, డ్రమ్ములు వాయించు పీట్ బెస్ట్‌యు కూడి ఐదుగురైరి. ఆ ఆగస్టు నెలలో వీరికి జర్మనీలోని హాంబర్గు రేవుపట్టణమున పని దొరికినది. అది గౌరవప్రదమైన సభ కాదు. నావికులును, త్రాగుబోతులును చేరు రాత్రిశాల. పగటివేళ వీరు పడుకొను చోటు ఒక సినిమాహాలులో తెర వెనుకనున్న కిటికీలేని కొట్టు. పనిదినములలో నాలుగున్నర గంటలు, శని ఆదివారములయందు ఆరు గంటలు వీరు వేదికపై నిలిచి పాడవలెను. ఈ విధముగా మూడు నెలలకు పైగా రాత్రి తప్పక పాడిరి. అలసట తీర్చుకొనుటకై కొన్ని దురభ్యాసములకును లోనైరి. చివరకు హారిసన్‌కు పదునెనిమిదేండ్లు నిండలేదని తెలిసి, రాత్రిశాలలో పనిచేయుట చట్టవిరుద్ధమని అధికారులు అతనిని దేశమునుండి పంపివేసిరి. తక్కినవారిలో పెక్కురు కొలది దినములలో చిల్లిగవ్వ లేక ఇల్లు చేరిరి.

ఈ హాంబర్గు రాత్రులు వారికేమి నేర్పినవి? కచేరికి టిక్కెట్టు కొని వచ్చినవాడు పాట నచ్చకున్నను కూర్చుండును. రాత్రిశాలకు వచ్చినవాడు అట్లు కాదు. పాట రుచింపనిచో పక్కశాలకు లేచిపోవును. పోవువానిని నిలుపవలెను, వీధిన నడచువానిని లోనికి రప్పింపవలెను. ఆరు గంటలు పాడుటకు పది పాటలు చాలవు. అందుచే వందలకొలది పాటలు నేర్వవలసివచ్చెను. ఒకని గొంతు అలసినచో మరియొకడు అందుకొనవలెను. ముగ్గురు మూడు స్థాయిలలో గొంతులు కలిపి పాడు నేర్పు దీనివలననే కుదిరినది. ఒకడు లయ తప్పినచో తక్కినవారు క్షణములో సరిదిద్దుకొనవలెను. దానికి మాట పనికిరాదు, చెవియే ఆధారము. ఒకరినొకరు వినుట నేర్చినపుడే పలువురి వాద్యములు ఒక మేళమగును.

ఆ డిసెంబరు 27వ తేదీన లివర్‌పూల్ సమీపమున లిథర్లండ్ పురమందిరమున వీరు పాడిరి. హాంబర్గునుండి వచ్చిరని ప్రకటన యుండుటచే కొందరు శ్రోతలు వీరిని జర్మనులని భ్రమించి, ఇంగ్లీషు బాగుగా మాటలాడుచున్నారని మెచ్చుకొనిరట! నాలుగు నెలలక్రితము తమ యూరిలో తిరిగిన సామాన్యపు మేళము ఇదియేనని గుర్తించుట వారికి కష్టమైనది. 1961లో మరల హాంబర్గుకు పోయి మరి మూడు నెలలు పాడిరి. సట్‌క్లిఫ్ చిత్రలేఖనమునకై అచ్చటనే నిలిచిపోయి, మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో మెదడులో రక్తస్రావమై ఇరువది యొకటవ యేట మరణించెను. అతడు వాయించిన బేస్ గిటారును, అనగా మంద్రస్వరములు పలుకు గిటారును, పాల్ చేపట్టెను. లివర్‌పూల్‌లో గిడ్డంగుల వీధిన 'కావెర్న్' అను నేలమాళిగ యుండెడిది. ఇటుక కమానులనుండి చెమ్మ కారుచుండెడిది. మధ్యాహ్న విరామమున దుకాణములలోను కచేరీలలోను పనిచేయు యువతీయువకులు అచ్చట చేరెడివారు. వారి యెదుట బీటిల్స్ 1961 మొదలు 1963 వరకు 250కి పైగా సార్లు పాడిరి.

1961 నవంబరు 9వ తేదీన బ్రయన్ ఎప్‌స్టైన్ అను ఇరువదియేడేండ్ల వర్తకుడు ఆ నేలమాళిగలో దిగెను. అతనిది సమీపమున నున్న గ్రామఫోను రికార్డుల దుకాణము. గాయకులు వేదికపై తినుచు, పొగ త్రాగుచు, శ్రోతలతో పరిహాసములాడుచు నుండిరి. అయినను వారి పాటలోని జీవమును అతడు గుర్తించెను. వారికి మేనేజరుగా నుండుటకు ఒడంబడిక చేసికొనెను. కచేరికి వేళ తప్పక వచ్చుట, శుభ్రమైన దుస్తులు ధరించుట, పాట ముగియగానే అందరును వంగి నమస్కరించుట అతడు నేర్పిన మర్యాదలు.

1962 జనవరి 1వ తేదీన లండనులో డెక్కా రికార్డు సంస్థ వీరిని పరీక్షించెను. వీరు పదునైదు పాటలు పాడిరి. సంస్థవారు వీరిని నిరాకరించి మరియొక బృందమును తీసికొనిరి. గిటారు బృందములకు కాలము చెల్లినదని వారు చెప్పిరని ఎప్‌స్టైన్ తరువాత వ్రాసెను. మరికొన్ని సంస్థలును త్రోసిపుచ్చెను. అతడు మాత్రము పెట్టె చేతబట్టి ఇంటింటికి తిరుగు వర్తకునివలె సంస్థనుండి సంస్థకు తిరిగెను. ఎట్టకేలకు ఇ.ఎం.ఐ. సంస్థలోని పార్లోఫోను శాఖను నడపు జార్జి మార్టిన్ జూన్ 6వ తేదీన వీరిని పిలిపించి విన్నాడు. మార్టిన్ శాస్త్రీయ సంగీతమున శిక్షణ పొందినవాడు. పాటలను ఏ క్రమమున, ఏ వాద్యములతో, ఎట్టి వేగమున రికార్డు చేయవలెనో నిర్ణయించువానిని 'ప్రొడ్యూసరు' అందురు. అదియే అతని పని. ఆ దినమున లోపములన్నియు వివరించి, 'మీకు నచ్చని దేదైన నున్నచో చెప్పుడు' అని అతడడుగగా, అతని మెడపట్టీ తనకు నచ్చలేదని హారిసన్ హాస్యమాడెను. అందరును నవ్విరి. స్నేహము కుదిరినది.

ఈ కథలో నొక కష్టమైన ఘట్టము కలదు. పీట్ బెస్ట్ లయ రికార్డులకు చాలదని మార్టిన్ అభిప్రాయపడెను. సహచరులకును అట్టి యోచన యుండెను. ఆగస్టు 16వ తేదీన బెస్ట్‌ను తొలగించిరి. రెండేండ్లు తమతో కష్టములు పంచుకొన్న మిత్రునకు ఈ మాట తాము ముఖాముఖి చెప్పజాలక, ఎప్‌స్టైన్‌చే చెప్పించిరి. తాము పిరికితనము చూపితిమని జాన్ తరువాత నొప్పుకొనెను. బెస్ట్ స్థానమున రింగో స్టార్ వచ్చెను. అతని లయ గడియారము వలె నిలుకడ గలది. సంగీతము దృష్టితో చూచినచో ఆ మార్పు మేలు చేసినది. కాని మేలైన పనిని సయితము మర్యాదగా చేయవచ్చును గదా! కీర్తి గుమ్మము దాక వచ్చి వెనుదిరిగిన బెస్ట్ తరువాత ప్రభుత్వోద్యోగియై జీవించెను. 1995లో అతడు వాయించిన పాత పాటలు కొన్ని వెలువడగా వాని ప్రతిఫలము అతనికి చేరినది.

1962 అక్టోబరు 5వ తేదీన 'లవ్ మీ డూ' అను వారి మొదటి రికార్డు వెలువడి జాబితాలో 17వ స్థానము వరకు ఎక్కెను. రెండవ పాటను వారు విలంబముగా పాడి వినిపించగా, వేగము పెంచుడని మార్టిన్ సలహా యిచ్చెను. 'ప్లీజ్ ప్లీజ్ మీ' అను ఆ పాట 1963 జనవరిలో వెలువడి మిక్కిలి ఆదరణ పొందెను. ఫిబ్రవరి 11వ తేదీన వీరు ఉదయము మొదలు రాత్రి వరకు ఒక్క దినములో పది పాటలు రికార్డు చేసిరి. ఆ దినము జాన్‌కు జలుబు చేసి గొంతు బొంగురుపోయెను. గొంతును చీల్చునంతటి బిగ్గరపాటను చివరకు దాచి, రాత్రి వేళ పాడించిరి. మొదటిసారి పాడినదే రికార్డైనది. ఒక్క దినములో పది పాటలు పాడుట విని మనము విస్మయపడుదుము. హాంబర్గులో రాత్రికి ఆరేసి గంటలు పాడినవారికి అది అలవాటైన పనియే. ఆ పాటల సంపుటము ఇంగ్లండులో 30 వారములు మొదటి స్థానమున నిలిచెను.

ఇటుపై కీర్తి వరదవలె వచ్చెను. 1963 అక్టోబరు 13వ తేదీన లండను పల్లేడియం నాటకశాలనుండి వీరి పాట టెలివిజనులో ప్రసారమైనది. ఈ యువజనోన్మాదమునకు 'బీటిల్‌మేనియా' అని పత్రికలు పేరుపెట్టెను. అమెరికాలో ఇ.ఎం.ఐ. వారి సొంతశాఖయే మొదట వీరి రికార్డులను వలదనెను. తుదకు 1964 ఫిబ్రవరి 1వ తేదీన 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' అను పాట అమెరికా జాబితాలో మొదటి స్థానమునకు చేరెను. ఆరు దినములకు వీరు న్యూయార్కులో విమానము దిగిరి. వేలకొలది జనము ఎదురేగెను. ఏప్రిల్ 4వ తేదీన ఆ జాబితాలోని మొదటి ఐదు స్థానములును వీరి పాటలవే. ఆ సెప్టెంబరులో ఫ్లోరిడా రాష్ట్రమందలి జాక్సన్‌విల్ పట్టణమున వీరి కచేరి యేర్పాటైనది. నీగ్రోలని అప్పుడు పిలువబడు నల్లజాతివారిని వేరుగా కూర్చుండబెట్టు దురాచారము అచ్చట నుండెను. శ్రోతలను వేరుచేసినచో తాము పాడమని వీరు ముందే ప్రకటించిరి. నిర్వాహకులు లోబడిరి, అందరును కలిసి కూర్చుండి వినిరి. కీర్తిని ఎట్లు వినియోగింపవలెనో తెలుపు ఘట్టమిది.

అయితే ఆ కీర్తియే వారి విద్యకు ఆటంకమైనది. 1965 ఆగస్టు 15వ తేదీన న్యూయార్కు షే క్రీడారంగమున 55 వేలమందికి పైగా ప్రజలు చేరిరి. నాటి ధ్వనివిస్తారక యంత్రముల శక్తి అంతటి మైదానమునకు చాలదు. పాడువారికి తమ పాట వినబడునట్లు చేయు యంత్రములు అప్పుడు వాడుకలో లేవు. పైగా శ్రోతల కేకలు మిన్ను ముట్టుచుండెను. ఎవడేమి పాడుచున్నాడో పాడువారికే తెలియదు. ముందు నిలిచిన ముగ్గురి తలల కదలికను, మడమల తాటింపును చూచి రింగో లయ నిలుపవలసివచ్చెను. హాంబర్గున శ్రోతలు వందమందియైనను వీరు ఒకరినొకరు వినిరి, దినదినము వృద్ధిచెందిరి. ఇచ్చట శ్రోతలు అర లక్ష. కాని విన్నవాడొకడును లేడు. తప్పు పాడినను కేకలే, ఒప్పు పాడినను కేకలే. తన లోపము తనకు వినబడని గాయకుడు దిద్దుకొనుట యెట్లు? తమ నేర్పు సన్నగిల్లుచున్నదని వారు గ్రహించిరి. 1966 ఆగస్టు 29వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పాడి, అంతటితో కచేరి యాత్రలు మానివేసిరి. నిశ్శబ్దమైన రికార్డింగుశాలలో, మార్టిన్ సహాయమున, నూతన రీతులను సాధించుటకు పూనుకొనిరి. వీరి శ్రేష్ఠమైన కృతులలో పెక్కు అటుతరువాత పుట్టినవే. 1970లో బృందము విడిపోయెను.

కచేరులు మానిన రెండు వారములకే హారిసన్ మన దేశమునకు వచ్చెను. ప్రసిద్ధ సితారు విద్వాంసుడైన పండిత రవిశంకర్ వద్ద బొంబాయిలో శిష్యుడై చేరెను. అప్పటికి అతని వయస్సు ఇరువదిమూడేండ్లు. అతని పేరెరుగని నగరము లోకమున అరుదు. అట్టివాడు నేలమీద కూర్చుండి, సితారు పట్టుకొను విధము మొదలుకొని ప్రాథమిక పాఠములు వల్లించెను. పట్టణపు ఆవలి కొసన ఒక్క కార్డు నేర్చుకొనుటకై బస్సెక్కిన బాలురకు, సితారు నేర్చుకొనుటకై సముద్రములు దాటిన ఈ గాయకునకు నడుమ గడచినవి పదేండ్లకు లోపే. విద్యార్థులారా! ఆ పదేండ్లలో వారికి వచ్చిన కీర్తిని లోకమంతయు చూచినది. ఆ కీర్తికి ముందును, వెనుకను గల ఈ శిష్యభావమును మీరు మరువకుడు.